12,500 అడుగుల లోపు ఉంటే ఆక్సిజన్ అక్కర్లేదా? చిన్న విమానంలో కొండలు దాటేవాళ్ల కోసం

మీరు రాసింది రెండుసార్లు చదివాను. హ్యూస్టన్‌లో లైసెన్స్ తీసుకుని ఈ మధ్యే డెన్వర్ వచ్చారు, క్లబ్‌లో సెస్నా 182 అనే చిన్న విమానం నడపడానికి చెకౌట్ అయింది, మొన్న కొండల అవతల ఉన్న గ్రాండ్ జంక్షన్ వెళ్లి డెన్వర్ దగ్గరి సెంటెనియల్ ఎయిర్‌పోర్ట్‌కి తిరిగొస్తూ 13,500 అడుగుల ఎత్తులో ఒక 25 నిమిషాలు ఆక్సిజన్ లేకుండా ఉన్నారు, ఏమీ అనిపించలేదు, పైగా చాలా హాయిగా ఉంది. జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లని కూడా అదే రూట్‌లో తీసుకెళ్లాలని ఉంది, అరగంట లోపైతే రూల్ ఒప్పుకుంటుంది కాబట్టి బాటిల్ అద్దెకి తేవడం దండగ కదా, ఎవరికైనా ఇబ్బంది అనిపిస్తే కిందకి దిగిపోతే సరిపోతుంది కదా అని అడిగారు.

నేను ఈ కొండల మీద పద్నాలుగేళ్లుగా ఫ్లై చేస్తున్నా, అందులో ఎనిమిదేళ్లు ఇన్‌స్ట్రక్టర్‌గా. మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది 13,500 కాదు, 25 నిమిషాలు కూడా కాదు, ఆ "చాలా హాయిగా ఉంది" అన్న ముక్క. కోవిడ్ టైమ్‌లో మన పేపర్లలో, టీవీల్లో హ్యాపీ హైపాక్సియా అని తెగ వచ్చింది గుర్తుందా, హైపాక్సియా అంటే ఒంటికి ఆక్సిజన్ చాలకపోవడం, పేషెంట్ మంచం మీద కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతూ ఉంటాడు, వేలికి ఆక్సీమీటర్ పెడితే 80 చూపిస్తుంది, ఇంట్లో వాళ్లు మిషన్ చెడిపోయిందనుకుంటారు. పైన మనకి జరిగేది దాదాపు అలాంటిదే. ఆయాసం రాదు, ఊపిరి ఆడనట్టు ఉండదు. ఎందుకంటే ఊపిరాడట్లేదు అన్న గాబరా మనకి ఎక్కువగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వస్తుంది, పైన అది పెరగదు, మనం కాస్త ఎక్కువ గాలి పీలుస్తాం కాబట్టి తగ్గుతుంది కూడా. కాబట్టి అలారం మోగదు. మోగకపోగా ఒక రకమైన ధీమా వస్తుంది. ఏమీ కాదులే అనిపిస్తుంది. బాగున్నానా లేదా అని తేల్చాల్సింది మెదడు, ముందు మొద్దుబారేది కూడా అదే. అందుకే నేను ప్రతి స్టూడెంట్‌కీ చెప్పేది ఒక్కటే, "అవసరం అనిపిస్తే పెట్టుకుందాం" అనే మాట ఆక్సిజన్ విషయంలో పనికిరాదు, ఎప్పుడు పెట్టుకోవాలో నేల మీద ఉన్నప్పుడే అంకె రాసుకుని ఎక్కాలి.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. లైసెన్స్ వచ్చిన రెండో ఏడాది, నవంబర్ సాయంత్రం, మీ లాగే గ్రాండ్ జంక్షన్ నుంచి తిరిగొస్తున్నా, మీ లాగే 13,500. బాటిల్ వెనక సీట్లోనే ఉంది, దాని మీద నా జాకెట్ వేసి ఉంది, నలభై నిమిషాల పనికి ఎందుకులే అనుకున్నా. సూర్యుడు వెనక దిగుతున్నాడు, ముందు కొండల మీద మంచు అంతా గులాబీ రంగులో ఉంది, ఇంత మంచి ఫ్లైట్ ఎప్పుడూ చేయలేదు అనుకున్నా, ఆ మాట నాకు బాగా గుర్తు. నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పే ఏటీసీ, డెన్వర్ సెంటర్, కొత్త రేడియో ఫ్రీక్వెన్సీ ఇచ్చింది, తిరిగి చెప్పా, తప్పు అంది, మళ్లీ చెప్పా, మళ్లీ తప్పే. మోకాలి మీద ప్యాడ్‌లో 38 గ్యాలన్లలోంచి 13 తీసేయాలి, ఆ రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసుకుని అలాగే చూస్తూ కూర్చున్నా. కంగారేం లేదు, ఆ లెక్క నాకు సంబంధించింది కాదేమో అన్నట్టు ఉంది. మూడోసారి కూడా తప్పు చెప్పాక కంట్రోలర్ ఆవిడ చాలా మామూలుగా, మీ దగ్గర ఆక్సిజన్ ఉందా అని అడిగారు. ఉంది అన్నా. పెట్టుకున్నారా అన్నారు. అప్పుడు చేయి వెనక్కి పెట్టి జాకెట్ లాగి ట్యూబ్ చిక్కు విడదీసి ముక్కుకి తగిలించుకునేసరికి నిమిషాలు పట్టింది, వేళ్లు మాట వినట్లేదు. పెట్టుకున్నాక ఓ రెండు నిమిషాలకి ఎవరో లైట్ వేసినట్టు అయ్యింది. ఇంజిన్ వేగం చూపించే టాకోమీటర్ మీద ఎర్ర గీత ఎర్రగా కనిపించింది. అప్పటిదాకా అది బూడిద రంగులో ఉందని నాకు తెలియనే తెలియదు. 38 లోంచి 13 పోతే 25. ఆ కాగితం దాచుకున్నా, నా చేతిరాత పైన బాగుంటుంది, కిందకొచ్చేకొద్దీ లైన్ వదిలి జారిపోయి ఉంటుంది. ఇప్పటికీ కొత్త స్టూడెంట్ వస్తే మొదటి రోజు అది చూపిస్తా.

ఇక మీరు అడిగిన రూల్. అమెరికాలో విమానాల మీద పెత్తనం చేసే ఎఫ్‌ఏఏ రూల్ 91.211 ఏమంటుందంటే, క్యాబిన్ ప్రెషర్ ఆల్టిట్యూడ్, అంటే లోపలి గాలి ఎంత ఎత్తుకి సమానమో ఆ అంకె, 12,500 దాటి 14,000 దాకా ఉంటే, అక్కడ 30 నిమిషాలు మించిన సమయానికి పైలట్ ఆక్సిజన్ వాడాలి, 14,000 దాటితే ఉన్నంతసేపూ వాడాలి, 15,000 దాటితే లోపలున్న ప్రతి మనిషికీ ఆక్సిజన్ అందించాలి. మీరు చదివింది కరెక్టే, మీ 25 నిమిషాలు చట్టప్రకారం తప్పు కాదు. కానీ ఆ గీత మీ ఒంటికి తెలియదు. అదే ఎఫ్‌ఏఏ పైలట్లకి ఇచ్చే సలహాలో పగలు 10,000 దాటాక, రాత్రి అయితే 5,000 దాటాక వాడమని ఉంటుంది. ఈ రెండు అంకెలూ ఊరికే పెట్టినవి కావు, 10,000 ఎందుకో అర్థమైతే మిగతాది మీకే తెలుస్తుంది.

సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి పాదరసం లెక్కలో 760 మిల్లీమీటర్లు, 10,000 అడుగుల దగ్గర 523, 18,000 దగ్గర 380, అంటే సగం. ఎక్కడైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, అది మారదు, దాన్ని రక్తంలోకి నెట్టే ఒత్తిడి తగ్గుతుంది. దానికి తోడు ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన గాలి తడుస్తుంది కదా, ఆ నీటి ఆవిరి ఏ ఎత్తులోనైనా తన వాటా 47 మిల్లీమీటర్లు తీసేసుకుంటుంది. 760లో 47 పోతే పెద్ద లెక్క కాదు, 380లో పోతే గట్టి దెబ్బే. ఇవన్నీ పోగా ఊపిరితిత్తుల చివర సంచుల్లో ఆక్సిజన్ ఒత్తిడి నేల మీద ఓ 100 ఉంటే 10,000 దగ్గర 60 దాకా వస్తుంది. హిమోగ్లోబిన్ సంగతేంటంటే 100 నుంచి 60కి పడ్డా అది పెద్దగా పట్టించుకోదు, సాచురేషన్, అంటే ఆక్సీమీటర్ చూపించే శాతం, 97, 98 నుంచి 90 దగ్గరికి వస్తుంది అంతే. 60 కిందకి పోయిందా, అక్కడి నుంచి జారుడే. పీఠభూమి మీద నడుస్తూ నడుస్తూ అంచుకి వచ్చినట్టు. 10,000 ఆ అంచు. 13,500లో మీరు అంచు దిగి సగం దూరం పోయారు, ఆ రోజు వేలికి ఆక్సీమీటర్ పెట్టి ఉంటే ఎనభైల్లో చూసేవాళ్లే అని నా నమ్మకం.

ఇంకోటి, మనం ఇక్కడ ఎంత ఎత్తులో మొదలుపెడుతున్నామో కూడా చూడండి. ఆంధ్రాలో ఎత్తైన కొండ అర్మ కొండ సుమారు 1,680 మీటర్లు. సెంటెనియల్ రన్‌వే 5,885 అడుగులు, అంటే 1,790 మీటర్ల పైమాట. మనం నేల మీద విమానాన్ని టాక్సీ చేసేదే అర్మ కొండ కంటే ఎత్తులో. రాత్రిపూట 5,000 సలహా అంటే ఇక్కడ ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పటికే దాటేశాం అన్నమాట. రాత్రి చూపుకి పనిచేసే కణాలు ఆక్సిజన్ బాగా తింటాయి, ముందు దెబ్బ వాటికే. నమ్మకం లేకపోతే రాత్రి 9,500లో ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లి కింద ఊరి లైట్లు చూడండి, ముక్కుకి పెట్టుకునే ఆక్సిజన్ గొట్టం, క్యాన్యులా, పెట్టుకుని పది గట్టి ఊపిర్లు తీసుకుని మళ్లీ చూడండి, లైట్లు పెరిగినట్టు ఉంటుంది. నేను రాత్రి అయితే టాక్సీలోనే పెట్టేసుకుంటా.

కేదార్‌నాథ్ నడిచి వెళ్లొచ్చాం, అది 11,755 అడుగులు, ఏం కాలేదు అని కొందరు అంటారు. వాళ్లు దారిలో ఆగి, రాత్రి పడుకుని, రోజులు తీసుకుని ఎక్కారు, ఒళ్లు సర్దుకోవడానికి టైమ్ దొరికింది, పైగా అక్కడ తల తిరిగితే బండ మీద కూర్చోవచ్చు. మనం ఇక్కడ పావుగంటలో 12,500కి ఎక్కేస్తాం, చేతిలో విమానం నడిపే యోక్ ఉంటుంది. అమర్‌నాథ్ వెళ్లేవాళ్లు కర్పూరం మూట జేబులో పెట్టుకుని వాసన చూస్తారు కదా, ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది, అంతే, రక్తంలో ఆక్సిజన్ ఒక్క పాయింట్ కూడా పెరగదు. అమ్మగారు తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి, దాని మీద మాత్రం ఆధారపడొద్దు. అలాగే ఇక్కడ టూరిస్టులకి అమ్మే చేతి డబ్బాలు, పది లీటర్లవి, వాటి లెక్క కింద చెప్తా.

1875 ఏప్రిల్ 15న పారిస్ నుంచి జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు ఎక్కారు, టిస్సాండియే, క్రోసే స్పినెల్లి, సివెల్. ఆక్సిజన్ సంచులు వెంట తీసుకెళ్లారు. వాళ్లకి సలహా ఇచ్చిన శాస్త్రవేత్త పాల్ బెర్ ఆ ఆక్సిజన్ చాలదని ఉత్తరం రాశాడు, అది సమయానికి అందలేదు. ఉన్నది కాస్తా నిజంగా అవసరమైనప్పుడు వాడదామని దాచుకున్నారు. 8,000 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి టిస్సాండియేకి ట్యూబ్ అందుకోవాలని తెలుసు, చేతులు లేవలేదు. భయం వేయలేదని, లోపల ఒక సంతోషం నిండిందని తర్వాత ఆయనే రాశాడు. కళ్లు తెరిచేసరికి మిగతా ఇద్దరూ చనిపోయి ఉన్నారు. సంచులు తలల పైనే వేలాడుతున్నాయి. అది చదివినప్పుడల్లా నా వెనక సీట్లో జాకెట్ కింద ఉన్న బాటిల్ గుర్తొస్తుంది.

సరే, ఇప్పుడు ఏం చేయాలి. నా సొంత పద్ధతి, పగలు 10,000 దాటితే క్యాన్యులా ముక్కుకి ఉండాల్సిందే, ఎంతసేపు అన్న లెక్క లేదు. వేలికి ఆక్సీమీటర్ పెట్టి పది నిమిషాలకోసారి చూస్తా, 90 కిందకి పోతే ఆక్సిజన్ ఫ్లో పెంచుతా. కోవిడ్‌లో కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఎక్కడో ఉంటుంది, బ్యాటరీలు మార్చి తెచ్చుకోండి. చలికి వేళ్లు గడ్డకడితే తప్పు చూపిస్తుంది, మెహెందీ, గోళ్ల రంగు ఉన్నా తేడా రావచ్చు, అందుకే ముందు నేల మీద పెట్టి మీ అందరి నార్మల్ ఎంతో రాసుకోండి.

కానీ ఆక్సీమీటర్‌ని గుడ్డిగా నమ్మకూడని సందర్భాలు రెండున్నాయి, ఇవి చాలామంది పైలట్లకే తెలియవు. ఒకటి కార్బన్ మోనాక్సైడ్. చలికాలం క్యాబిన్ హీట్ వేస్తాం, మన విమానాల్లో ఆ వేడి ఎగ్జాస్ట్ మఫ్లర్ చుట్టూ తిరిగొచ్చే గాలిదే, మఫ్లర్‌కి చిన్న పగులు ఉన్నా పొగ లోపలికి వస్తుంది. మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుంది, మామూలు ఆక్సీమీటర్‌కి ఆ రెండింటికీ తేడా తెలియదు, నువ్వు 97లో ఉన్నావు అని చూపిస్తూనే ఉంటుంది. దీనికి అలారం మోగే డిజిటల్ డిటెక్టర్ వేరే కొనుక్కోవాలి, ప్యానెల్ మీద అంటించే రంగు మారే కార్డుని నేను నమ్మను. సిగరెట్ తాగే వాళ్ల రక్తంలో ఈ మోనాక్సైడ్ నేల మీదే కొంత ఉంటుంది, నాన్నగారికి అలవాటుంటే ఆయన ఒళ్లు అప్పటికే కొన్ని వేల అడుగుల పైన ఉన్నట్టు లెక్క.

రెండోది రక్తహీనత. ఆక్సీమీటర్ చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం నిండింది అని, అసలు ఎంత ఉంది అని కాదు. బస్సు చిన్నదైనా సీట్లన్నీ నిండితే నూటికి నూరే కదా, అలాగ. మన ఇళ్లలో అమ్మలకి హిమోగ్లోబిన్ 8, 9 ఉండటం కొత్తేం కాదు, ఆవిడ మామూలుగానే వంట చేస్తూ, మెట్లెక్కుతూ తిరుగుతుంటారు, ఎవరూ పట్టించుకోరు. ఆక్సీమీటర్ 92 చూపించినా ఆవిడకి అందుతున్నది మీకు అందేదాంట్లో ఎంతో తక్కువ. కాబట్టి టికెట్లు బుక్ చేసేముందు ఊళ్లో ఒక రక్తపరీక్ష చేయించమనండి, ఇద్దరికీ గుండె, ఊపిరితిత్తుల సంగతి డాక్టర్‌తో మాట్లాడించండి. జెట్‌లో వస్తున్నారు కదా అనొద్దు, జెట్ 38,000లో ఉన్నా లోపల క్యాబిన్ 8,000 దాటనివ్వరు.

ఇక సిలిండర్ లెక్క. మామూలు క్యాన్యులాకి మోటు లెక్క ఒకటుంది, ప్రతి 10,000 అడుగులకి నిమిషానికి ఒక లీటర్. 14,000 దగ్గర మనిషికి 1.4, మీరు ముగ్గురు అంటే 4.2. డి సైజు సిలిండర్‌లో సుమారు 425 లీటర్లు ఉంటుంది, అంటే వంద నిమిషాలు, వెళ్లడానికి సరిపోతుంది, రావడానికి చాలదు. ఆ పది లీటర్ల డబ్బా ఒక మనిషికి ఏడు నిమిషాలు, దాన్ని విమానంలో లెక్కలోకి తీసుకోవద్దు. ముక్కు కింద చిన్న సంచి ఉండే కన్జర్వింగ్ క్యాన్యులాలు వాడితే ఖర్చు సగమో ఇంకా తక్కువో అవుతుంది, ఊపిరి పీల్చినప్పుడే వదిలే పల్స్ డిమాండ్ మిషన్లు ఇంకా నయం, ధర ఎక్కువ, కానీ ఇక్కడే ఉండి ఫ్లై చేస్తానంటే కొనుక్కోండి, నాకైతే విమానంలో పెట్టిన డబ్బులన్నింటిలో మంచి ఖర్చు అదే. క్యాన్యులా 18,000 వరకే, ఆ పైన మాస్క్, అది మీకు ఇప్పుడు అక్కర్లేదు. అద్దెకి తెస్తే సిలిండర్ మీద హైడ్రో టెస్ట్ డేట్, అంటే ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో పరీక్షించిన తేదీ, చూడండి, అల్యూమినియం వాటికి ఐదేళ్లకోసారి. రెగ్యులేటర్ తిప్పి, ఫ్లో మీటర్‌లో బంతి లేస్తోందో లేదో, ట్యూబ్ ఎక్కడన్నా నొక్కుకుందో, ప్రతి ఒక్కరిదీ మీరే చూడండి. సిలిండర్ మీ చేతికి అందేలా, కట్టేసి, వాల్వ్ ముందే తెరిచి ఉండాలి.

చిన్న విషయాలు కానీ నేను చూసినవి. అమ్మగారికి ముక్కుపుడక ఉంటే క్యాన్యులా గొట్టం దానికి తగిలి పక్కకి జరుగుతుంది, ఇంట్లోనే ఒకసారి పెట్టి చూపించండి. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే క్యాన్యులా దండగ, ఆ రోజు కొండలు మానేయండి. పెదాలకి వాజ్‌లైన్, చేతులకి కొబ్బరినూనె ఉంటే ఆక్సిజన్ దగ్గరకి రానివ్వొద్దు, గాఢమైన ఆక్సిజన్‌లో నూనెకి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది, నూనె రాసిన చేత్తో రెగ్యులేటర్ అసలు ముట్టుకోవద్దు. కొండల మీద కుదుపులకి భయపడి పెద్దవాళ్లు గబగబా ఊపిరి పీలుస్తారు, వేళ్లు తిమ్మిరెక్కాయి, తల తేలిపోతోంది అంటారు, అది హైపాక్సియా లాగే ఉంటుంది. ముందు ఆక్సిజన్ చూడండి, ఫ్లో, కనెక్షన్, ఆక్సీమీటర్ అన్నీ బాగుంటే అప్పుడు ఊపిరి నెమ్మది చేయించాలి, దానికి మంచి దారి పైకి మాట్లాడించడం. మా అమ్మ చేత విష్ణు సహస్రనామం పైకి చదివించాను, దారిలో క్రెమ్లింగ్ అనే ఊరు దాటేసరికి తిమ్మిరి పోయింది.

ఇబ్బంది అనిపిస్తే దిగిపోవచ్చు కదా అన్నారు. హ్యూస్టన్‌లో దిగొచ్చు. ఇక్కడ మీ రూట్‌లో కరోనా పాస్ అనే కనుమ దగ్గర నేలే 11,600 అడుగుల పైమాట, పక్కన శిఖరాలు 13,000 దాటి ఉంటాయి, దిగడానికి చోటు కావాలంటే ముందు లోయ దాకా వెళ్లాలి, ఆ లోయ ఎటు ఉందో చెప్పాల్సింది అప్పటికే మందగించిన బుర్ర. అందుకని మ్యాప్ మీద ఎక్కడ ఏ వైపు తిరిగి దిగాలో బయలుదేరేముందే పెన్నుతో గీసుకోండి. మాట తేడాగా వస్తే చెప్పమని ఏటీసీని ముందే అడగడానికి మొహమాటపడొద్దు. 2008లో ఒక కార్గో లియర్‌జెట్ 32,000లో ప్రెషర్ పోయి పైలట్ మాట ముద్దముద్దగా వస్తుంటే క్లీవ్‌ల్యాండ్ సెంటర్ వాళ్లు గొంతు బట్టి కనిపెట్టి, దిగమని మళ్లీ మళ్లీ చెప్పి 11,000కి దించారు, అక్కడ ఆయన మాట మామూలైంది. రేడియోలో మన గొంతు మనకంటే వాళ్లకే ముందు తెలుస్తుంది.

వీలైతే ఓక్లహోమా సిటీలో ఎఫ్‌ఏఏ వాళ్ల ట్రైనింగ్‌కి ఒక రోజు వెళ్లి రండి. ఛాంబర్‌లో కూర్చోబెట్టి 25,000 అడుగుల గాలికి తీసుకెళ్లి మాస్క్ తీయిస్తారు, ఆ ఎత్తులో పనికొచ్చే స్పృహ ఉండేది మూడు నుంచి ఐదు నిమిషాలు. మీకు మొదట ఏం జరుగుతుందో, గోళ్లు నీలం అవుతాయా, ముఖం వేడెక్కుతుందా, రంగులు పోతాయా, అక్కడ తెలుస్తుంది, మనిషికీ మనిషికీ వేరుగా ఉంటుంది. నాకు మొదట రంగు పోతుంది, ఆ తర్వాత అన్నీ బాగున్నాయనిపిస్తుంది.

అమ్మానాన్నతో గ్రాండ్ జంక్షన్ జూన్‌లో వెళ్లాలా అంటే, ముందు వాళ్లని కొండల ఇవతల 8,500లో ఒక అరగంట తిప్పండి, ఎలా ఉన్నారో చూడండి, వాళ్లు డెన్వర్ వచ్చి కనీసం వారం గడిచాక. ఆ లోపు ఈ నెలలోనే మీరు ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని, ఆయన ముక్కుకి ఆక్సిజన్ ఉండాలి, మీరు లేకుండా, 8,500, 10,500, 12,500లో పదేసి నిమిషాలు ఉండి, ప్రతిచోటా ఆక్సీమీటర్ అంకె రాసి దాని కింద మీ పేరు, ఇంటి అడ్రస్, 91 నుంచి ఏడేసి తగ్గిస్తూ ఒక లెక్క వేయండి. ఆ కాగితం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి మీ ఫ్లో ఎంత పెట్టుకోవాలో, ఎన్ని లీటర్ల సిలిండర్ తీసుకోవాలో లెక్క వేసి చెప్తాను.